ఇంగ్లీష్ కథలో ‘టు’ పక్కన నిలబడే క్రియ: ఇన్ఫినిటివ్ ఫ్రేజ్‌ని ఎలా వాడుకోవాలి

మీరు ఇంగ్లీష్‌లో ఒక కథ రాస్తున్నారు. పాత్ర గుమ్మం దాటాక తాళంచెవి గుర్తొచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళింది. “షి వెంట్ బ్యాక్ టు గెట్ ద కీ” అని రాశారు. ఇందులో నిజంగా జరిగిన పని ఒక్కటే, ఆమె వెనక్కి వెళ్ళింది. తాళంచెవి దొరికిందో లేదో ఈ వాక్యం చెప్పలేదు. ఎందుకు వెళ్ళిందో చెప్పి ఊరుకుంది. అదే “షి వెంట్ బ్యాక్ అండ్ గాట్ ద కీ” అని రాస్తే తాళంచెవి చేతికి వచ్చేసింది, ఇక ఆ విషయం గురించి పాఠకుడు ఆలోచించడు.

ఈ రెండు వాక్యాల మధ్య తేడా పట్టుబడితే ఇన్ఫినిటివ్ సగం మీ చేతికి వచ్చినట్టే. ‘వెంట్’ అనే క్రియకు కాలం ఉంది, కర్త ఉంది. ‘టు గెట్’కు కాలం లేదు. అది జరిగిందని గానీ జరగలేదని గానీ తనంతట తాను చెప్పదు. అందుకే పాత్రల కోరికలు, ప్లాన్లు, భయాలు, సగంలో ఆగిన ప్రయత్నాలు ఇంగ్లీష్‌లో ఎక్కువగా ఇన్ఫినిటివ్‌లోనే కనిపిస్తాయి. పాత్ర కోరుకున్నది ‘టు’ పక్కన ఉంటుంది, జరిగింది మెయిన్ వెర్బ్‌లో ఉంటుంది. కథ నడిచేది ఆ రెండింటి మధ్య ఖాళీలోనే కాబట్టి, ఈ చిన్న వ్యాకరణ విషయం మీద కథకులు శ్రద్ధ పెట్టాలని నేను గట్టిగా చెబుతాను.

కింద ఇచ్చిన ఇంగ్లీష్ వాక్యాలన్నీ తెలుగు లిపిలోనే ఉన్నాయి. వాటిని పైకి చదవండి. చాలా తేడాలు కంటికన్నా ముందు చెవికి తెలుస్తాయి.

ముందు గుర్తుపట్టడం నేర్చుకోండి

‘టు’ తర్వాత క్రియ మూలరూపం వస్తే అది ఇన్ఫినిటివ్. దానికి సంబంధించిన మాటలన్నీ కలుపుకుంటే ఇన్ఫినిటివ్ ఫ్రేజ్. “షి హ్యాడ్ కమ్ టు ఫైండ్ హర్ బ్రదర్ బిఫోర్ డార్క్” అన్న వాక్యంలో ‘టు ఫైండ్’ నుంచి ‘డార్క్’ వరకూ అంతా ఒకే ముక్క. కత్తిరించాల్సి వచ్చినా, ముందుకు జరపాల్సి వచ్చినా ఆ ముక్కనంతా కలిపి కదపాలి.

కనిపించిన ప్రతి ‘టు’ ఇన్ఫినిటివ్ గుర్తు కాదు. “షి వాక్డ్ టు ద రివర్”లో ఉన్నది ప్రిపోజిషన్. ‘లుక్ ఫార్వర్డ్ టు’ తర్వాత ‘మీటింగ్’ రావాలి, ‘మీట్’ రాకూడదు, ఎందుకంటే అక్కడ కూడా ‘టు’ ప్రిపోజిషనే. ‘యూజ్డ్ టు’ విషయంలో అర్థమే మారిపోతుంది. “హి యూజ్డ్ టు స్లీప్ అలోన్” అంటే ఒకప్పుడు ఒంటరిగా పడుకునేవాడు, ఇప్పుడు కాదు. “హి వాజ్ యూజ్డ్ టు స్లీపింగ్ అలోన్” అంటే ఒంటరిగా పడుకోవడం అతనికి అలవాటే. మొదటిది జీవితంలో వచ్చిన మార్పును చెబుతుంది, రెండోది మనిషి తీరును చెబుతుంది. ఒకటి రాయబోయి ఇంకొకటి రాస్తే పాత్ర గతమే తారుమారవుతుంది.

కొన్నిచోట్ల ‘టు’ లేకుండానే ఇన్ఫినిటివ్ వస్తుంది. ‘మేక్’, ‘లెట్’ తర్వాత, ‘సీ’, ‘హియర్’, ‘ఫీల్’, ‘వాచ్’ లాంటి ఇంద్రియ క్రియల తర్వాత మూలరూపం ఒంటరిగా నిలబడుతుంది. “షి మేడ్ హిమ్ సిట్” సరైనది, “షి మేడ్ హిమ్ టు సిట్” తప్పు. విచిత్రం ఏమిటంటే ‘మేక్’ ఉన్న వాక్యాన్ని పాసివ్‌లోకి మార్చగానే ‘టు’ తిరిగి వస్తుంది: “హి వాజ్ మేడ్ టు సిట్.”

ఇక పాఠ్యపుస్తకాలు చెప్పే మూడు పనులు మీకు తెలిసే ఉంటాయి. ఇన్ఫినిటివ్ నామవాచకంలా పనిచేస్తుంది, విశేషణంలా పనిచేస్తుంది, క్రియావిశేషణంలా పనిచేస్తుంది. కథకుడికి ఆ పేర్లతో పెద్ద పని లేదు. ఏ పని ఏ ప్రభావం కలిగిస్తుందన్నదే మనకు కావలసింది.

ఉద్దేశాన్ని ఎక్కడ పెట్టాలో చూసుకోండి

తెలుగు వ్యాకరణంలో తుమున్నర్థకం అంటామే, ‘తేవడానికి వెళ్ళాడు’, ‘చూడడానికి వచ్చింది’ లాంటివి, వాటికి ఇంగ్లీష్‌లో సమానమైనది ఇదే. మనవాళ్ళు తరచుగా “షి వెంట్ ఫర్ గెట్టింగ్ ద కీ” అని రాస్తారు. ‘కోసం’ అనే మాట తెలుగులో మనసులో ఉండడం వల్ల ‘ఫర్’ వచ్చేస్తుంది. ఒక మనిషి ఉద్దేశం చెప్పేటప్పుడు ‘ఫర్’ తీసేసి ‘టు గెట్’ అనండి.

స్థానం విషయానికొస్తే, ఉద్దేశం వాక్యం చివర ఉంటే పాఠకుడు ముందు పనిని చూస్తాడు, తర్వాత కారణం తెలుసుకుంటాడు. “హి స్టుడ్ ఆన్ ద చెయిర్ టు రీచ్ ద విండో.” మొదట ఉంటే కారణం తెలిసిన కళ్ళతో పనిని చూస్తాడు. “టు రీచ్ ద విండో, హి స్టుడ్ ఆన్ ద చెయిర్.” కథనంలో నేను చివరి స్థానం వైపే మొగ్గుతాను. మనుషులు చేసే పని ముందు కనబడి, ఎందుకు చేస్తున్నారో ఒక క్షణం ఆలస్యంగా తెలియడం కథకు సహజం. ఉద్దేశం మొదట వస్తే వాక్యానికి వివరణ ఇస్తున్న ధోరణి వస్తుంది, వాడుక సూచనల పుస్తకం చదువుతున్నట్టు ఉంటుంది. అయినా ఒక సందర్భంలో మొదటి స్థానం అద్భుతంగా పనిచేస్తుంది. ఉద్దేశం చిన్నదై, దానికోసం చేసిన పని భయంకరంగా పెద్దదైనప్పుడు: “టు కీప్ ద చైల్డ్ క్వయట్, షి టోల్డ్ హిమ్ హిజ్ మదర్ వాజ్ కమింగ్ హోమ్.” పిల్లవాడిని ఊరుకోబెట్టడం అనే మామూలు మాటతో మొదలై, తల్లి తిరిగొస్తుందన్న అబద్ధం దగ్గర తేలింది. తిరగేసి చదవండి, ఆ దెబ్బ తగలదు.

ఫ్రేజ్ మొదట వస్తే దాని తర్వాత కామా పెట్టండి. చివర వస్తే సాధారణంగా అక్కర్లేదు.

మొదట పెట్టినప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. కామా తర్వాత వచ్చే కర్తే ఆ ఇన్ఫినిటివ్ పనిని చేయాలి. “టు రీచ్ ద విండో, ఎ చెయిర్ వాజ్ బ్రాట్” అంటే కిటికీని అందుకోవాలనుకున్నది కుర్చీ అన్నట్టు వస్తుంది. వ్యాసంలో అయితే చదివేవాడు సర్దుకుంటాడు. కథలో అలా రాస్తే ఎవరి కళ్ళతో చూస్తున్నామో తెలియకుండా పోతుంది, అది చిన్న నష్టం కాదు.

‘డం’ అని తోచిన ప్రతిచోటా ఆగి ఆలోచించండి

తెలుగులో ఆలోచించి ఇంగ్లీష్‌లో రాసేవాళ్ళకు అసలు చిక్కు ఇక్కడుంది. ‘చేయడం’ అనే ఒక్క రూపం ఇంగ్లీష్‌లో ఒకసారి ‘టు డు’ అవుతుంది, ఇంకోసారి ‘డూయింగ్’ అవుతుంది. కొన్ని క్రియలకు ఎంచుకునే అవకాశమే లేదు. ‘ఎంజాయ్’, ‘అవాయిడ్’, ‘ఫినిష్’, ‘సజెస్ట్’ తర్వాత ‘ఇంగ్’ రూపమే రావాలి. ‘డిసైడ్’, ‘హోప్’, ‘ప్రామిస్’, ‘రెఫ్యూజ్’ తర్వాత ఇన్ఫినిటివే రావాలి. వీటిని గుర్తుపెట్టుకోవడమే మార్గం.

రెండూ రాగలిగి అర్థం మారిపోయే క్రియల దగ్గరే కథకుడు నిలబడి చూడాలి. “హి స్టాప్డ్ టు లుక్ ఎట్ ద హౌస్” అంటే నడుస్తున్నవాడు ఆగి ఇంటివైపు చూశాడు. “హి స్టాప్డ్ లుకింగ్ ఎట్ ద హౌస్” అంటే చూపు తిప్పేశాడు. ఒక్క మాట తేడాతో ఆసక్తి కాస్తా వైరాగ్యమైంది.

“షి రిమెంబర్డ్ టు లాక్ ద డోర్” అంటే మరచిపోకుండా తాళం వేసింది, ఆ మాటకు కథకుడే పూచీ. “షి రిమెంబర్డ్ లాకింగ్ ద డోర్” అంటే తాళం వేసిన దృశ్యం ఆమె జ్ఞాపకంలో ఉంది. క్రైమ్ కథ రాసేవాళ్ళు ఈ జతను బాగా గుర్తుంచుకోవాలి. ఆ తలుపు తర్వాత తెరిచి కనిపిస్తే, మొదటి వాక్యం రాసినప్పుడు తాళం ఇంకొకరు తీశారన్నది ఖాయం. రెండోది రాసినప్పుడు ఆమె జ్ఞాపకం మీదే పాఠకుడికి అనుమానం రావచ్చు. మీకు ఏ దారి కావాలో ముందే తేల్చుకోండి.

“హి ట్రైడ్ టు ఓపెన్ ద విండో” అనగానే తెరుచుకోలేదేమో అనిపిస్తుంది. “హి ట్రైడ్ ఓపెనింగ్ ద విండో” అంటే తెరిచాడు, దానివల్ల ఏమైనా ఫలితం ఉంటుందేమో చూశాడు. గదిలో పొగ నిండిన సీన్ రాస్తుంటే ఈ తేడా ప్రాణాల మీదికి వస్తుంది.

‘మీన్’ కూడా ఇలాంటిదే. “షి మెంట్ టు లీవ్” అంటే వెళ్ళిపోవాలనుకుంది. “టేకింగ్ ద జాబ్ మెంట్ లీవింగ్” అంటే ఆ ఉద్యోగం ఒప్పుకుంటే వెళ్ళక తప్పదు. ఒకటి కోరిక, ఇంకొకటి మూల్యం. ‘అఫ్రెయిడ్’తోనూ అంతే: “అఫ్రెయిడ్ టు జంప్” అంటే భయంతో దూకడానికి సాహసించడం లేదు, “అఫ్రెయిడ్ ఆఫ్ ఫాలింగ్” అంటే పడిపోతానేమోనని భయం. దూకాలా వద్దా అన్నది పాత్ర చేతిలో ఉంది, పడిపోవడం దాని చేతిలో లేదు. పాత్ర చేతిలో ఉన్న పనికి ఇన్ఫినిటివ్ సరిపోతుంది.

కోరని ఫలితానికి కూడా ఇదే రూపం

ఇన్ఫినిటివ్ ఎప్పుడూ ఉద్దేశమే చెప్పదు. “హి వోక్ టు ఫైండ్ ద హౌస్ ఎంప్టీ.” ఇల్లు ఖాళీగా ఉండడం చూడాలని ఎవరూ నిద్రలేవరు. లేచాడు, చూస్తే ఇల్లు ఖాళీ. ఇది ఫలితం చెప్పే ఇన్ఫినిటివ్. ‘వేక్’, ‘గ్రో అప్’, ‘లివ్’ లాంటి, మన ఇష్టంతో పని లేని క్రియల తర్వాత ఇది చక్కగా కుదురుతుంది. ‘రిటర్న్’ తర్వాత కూడా తరచుగా కనిపిస్తుంది.

మనిషి కావాలని చేసే క్రియ ముందుంటే రెండు అర్థాలూ తోసుకొస్తాయి. “షి ఓపెన్డ్ ద డోర్ టు ఫైండ్ హర్ ఫాదర్” అని ఆపేస్తే నాన్నను వెతకడానికి తలుపు తెరిచిందనీ అనుకోవచ్చు, తలుపు తెరిస్తే నాన్న కనిపించాడనీ అనుకోవచ్చు. “షి ఓపెన్డ్ ద డోర్ టు ఫైండ్ హర్ ఫాదర్ ఆన్ ద స్టెప్స్” అనగానే రెండో అర్థం గట్టిపడింది. ‘మెట్ల మీద’ అన్న చిన్న వివరం వ్యాకరణానికి కూడా సాయం చేసింది.

ఈ ఫలితం నిరాశ కలిగించేదైతే ఇంగ్లీష్ రచయితలు ముందు ‘ఓన్లీ’ చేరుస్తారు, దానికి ముందు కామా పెట్టడం మామూలు. “హి రాన్ టు ద ప్లాట్‌ఫామ్, ఓన్లీ టు సీ ద ట్రెయిన్ పుల్ అవే.” మంచి సాధనమే గానీ అతిగా వాడి అరగదీశారు. ‘ఓన్లీ టు’ అన్న మాట కనబడగానే పాఠకుడు దెబ్బకు సిద్ధమైపోతాడు, ఆశ్చర్యం ముందే చచ్చిపోతుంది. ఒక కథలో ఒక్కసారి చాలు. మిగతాచోట్ల వాక్యాన్ని విడగొట్టండి: “హి రాన్ టు ద ప్లాట్‌ఫామ్. ద ట్రెయిన్ వాజ్ పుల్లింగ్ అవే.”

‘టు’ ముందు ఏ క్రియ ఉందో నిలదీయండి

డ్రాఫ్ట్‌లో ఎక్కువ చెత్త పేరుకునే చోటు ఇదే. ‘బిగాన్ టు’, ‘స్టార్టెడ్ టు’ అన్నవి చేతికి అలవాటైపోయి వస్తాయి. “షి బిగాన్ టు వాక్ టువర్డ్ ద గేట్” అని రాశారు. తర్వాతి వాక్యంలో ఆమె గేటు దాటేసింది. మరి ‘బిగాన్’ ఏం చేసినట్టు? తీసేయండి: “షి వాక్డ్ టువర్డ్ ద గేట్.” ఆ మాట ఉండాల్సింది మొదలైన పనికి మధ్యలో అడ్డు పడినప్పుడు, లేదా ఆ మొదలు కావడమే ఒక సంఘటన అయినప్పుడు. ఏళ్ళ తరబడి మాట్లాడని మనిషి గురించి “హి బిగాన్ టు టాక్” అని రాస్తే అక్కడ ‘బిగాన్’కే బరువంతా.

‘ట్రైడ్ టు’ అనగానే ఓటమి వాసన వస్తుంది. ‘మేనేజ్డ్ టు’ అంటే పని జరిగింది, కానీ కష్టపడాల్సి వచ్చింది. ‘ఫెయిల్డ్ టు’ అంటే చేయవలసిన పని చేయలేదన్న చిన్న నింద కూడా కలిసి వస్తుంది. “హి డిడ్ నాట్ ఆన్సర్” అనడానికీ “హి ఫెయిల్డ్ టు ఆన్సర్” అనడానికీ మధ్య ఎవరో తీర్పు చెబుతున్నారు. ఆ తీర్పు పాత్రదా, కథకుడిదా? కథకుడిదైతే, నిజంగా చెప్పాలనుకునే చెప్పారా?

‘ట్రైడ్ నాట్ టు’ అనేది మాత్రం నాకు చాలా ఇష్టమైన నిర్మాణం. “షి ట్రైడ్ నాట్ టు లుక్ ఎట్ ద బెడ్.” ఈ వాక్యం చదివిన ప్రతి పాఠకుడి చూపూ మంచం మీదికే వెళ్తుంది. ఆమె ఏం దాస్తోందో, ఏం తప్పించుకోవాలనుకుంటోందో ఒక్క ముక్కలో వచ్చేసింది. ‘కేర్‌ఫుల్ నాట్ టు వేక్ హిమ్’ కూడా అలాంటిదే, అతను లేస్తే ఏమవుతుందన్న ప్రశ్నను చెప్పకుండానే నాటుతుంది. ‘నాట్’ స్థానం తప్పితే మాత్రం అంతా పోతుంది. “షి డిడ్ నాట్ ట్రై టు లుక్” అంటే చూసే ప్రయత్నమే చేయలేదని అర్థం, అందులో టెన్షన్ ఏమీ లేదు.

ఇక ‘సీమ్డ్ టు’. ఒకే పాత్ర కళ్ళతో కథ చెబుతున్నప్పుడు ఎదుటివాళ్ళ మనసులోకి వెళ్ళే హక్కు మీకు లేదు. “హి వాంటెడ్ టు సే సమ్‌థింగ్” అంటే అతని మనసులో దూరారు. “హి సీమ్డ్ టు వాంట్ టు సే సమ్‌థింగ్” అంటే హద్దు దాటలేదు గానీ రెండు ‘టు’లు వరుసగా పడి వాక్యం కుంటుతోంది. ఇలాంటప్పుడు ఊహను వదిలేసి, ఆ ఊహకు కారణమైన పనిని చూపించడం మేలు: “హి ఓపెన్డ్ హిజ్ మౌత్ అండ్ క్లోజ్డ్ ఇట్.” ‘సీమ్డ్ టు’ని నిజంగా అనుమానం ఉన్నచోట అట్టిపెట్టుకోండి, అక్కడ అది బంగారం. “షి సీమ్డ్ టు హ్యావ్ బీన్ క్రయింగ్” అన్న వాక్యంలో ఎర్రబడ్డ కళ్ళు ఇప్పుడు కనిపిస్తున్నాయి, ఏడుపు ఇంతకుముందు జరిగింది, ఆ రెండింటినీ కలిపింది చూస్తున్న మనిషి ఊహ. ‘హ్యావ్ బీన్’ తీసేసి ‘టు బి క్రయింగ్’ అంటే ఏడుపు ఇప్పుడే జరుగుతోంది.

పూర్తిగా చూశాడా, కొంతే చూశాడా

“షి సా హిమ్ క్రాస్ ద రోడ్” అంటే అతను ఈ చివర నుంచి ఆ చివరకు దాటడం మొత్తం చూసింది. “షి సా హిమ్ క్రాసింగ్ ద రోడ్” అంటే దాటుతుండగా చూసింది, అవతలికి చేరాడో లేదో వాక్యం చెప్పదు. సాక్షి ఏం చూసిందన్నది ముఖ్యమైన కథలో ఇది కీలకం. ధ్వనులకూ ఇదే లెక్క: “హి హర్డ్ ద డోర్ స్లామ్” ఒకే చప్పుడు, “హి హర్డ్ ద డోర్ స్లామింగ్” అంటే పదే పదే కొట్టుకుంటున్న తలుపు.

నామవాచకం వెనక చిన్న తోక

‘ఎ లెటర్ టు పోస్ట్’, ‘నథింగ్ టు సే’, ‘ద లాస్ట్ టు నో’. వీటి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు గానీ వాడుకోండి. ఒక పూర్తి ఉపవాక్యం చేసే పనిని రెండు మాటల్లో చేస్తాయి. “షి హ్యాడ్ నోబడీ టు టాక్ టు” అన్నప్పుడు చివరి ‘టు’ను వదిలేయకండి, అది ప్రిపోజిషన్, అది లేకపోతే వాక్యం తప్పు.

జరగబోయేదాన్ని ముందే చెప్పేటప్పుడు

‘వాజ్ టు’ అనే నిర్మాణానికి గతంలో నిలబడి భవిష్యత్తును చూపించే శక్తి ఉంది. “షి వాజ్ టు మీట్ హిమ్ ఎట్ సిక్స్” అంటే ఆరింటికి కలవాలన్నది ఏర్పాటు, కలిసిందో లేదో తేలలేదు. “దే వర్ టు హ్యావ్ లెఫ్ట్ ఆన్ మండే” అంటే సోమవారం బయల్దేరాల్సింది, బయల్దేరలేదు. ఎందుకన్నది చెప్పకుండానే పాఠకుడి చేత అడిగించింది.

“హి వాజ్ నెవర్ టు సీ ద హౌస్ అగైన్” అన్నది వేరే రకం. ఇక్కడ మాట్లాడుతున్నది ముగింపు తెలిసిన కథకుడు. పాత్రకు ఇంకా తెలియని సంగతి పాఠకుడికి చెప్పేశాడు. అంతా తెలిసిన కథకుడితో నడిచే కథలో ఇది గొప్పగా ఉంటుంది. అప్పటిదాకా ఒక పాత్ర తలలోనే ఉండి హఠాత్తుగా ఇలా రాస్తే, ఆ మాట ఎవరన్నారో తెలియక పాఠకుడు తడబడతాడు.

ఆలోచనకూ మాటకూ కాలం లేని క్రియ

గతకాలంలో కథ నడుస్తున్నప్పుడు పాత్ర ఆలోచనను ‘షి థాట్’ అనకుండా, ఇటాలిక్స్ పెట్టకుండా చెప్పాలంటే ఒక ఇబ్బంది ఎదురవుతుంది. “వాట్ షుడ్ ఐ టెల్ హిమ్?” అని రాస్తే కథనంలోంచి బయటికి వచ్చినట్టవుతుంది. “వాట్ షుడ్ షి టెల్ హిమ్?” అంటే కథకుడి గొంతు కొంచెం వినిపిస్తుంది. “వాట్ టు టెల్ హిమ్? వేర్ టు బిగిన్?” అని రాసి చూడండి. కాలం లేదు, ‘ఐ’ లేదు, ‘షి’ లేదు. ఆలోచన ఎవరిదో సందర్భమే చెబుతుంది, కథనం ఎక్కడా తెగలేదు. “టు థింక్ షి హ్యాడ్ ట్రస్టెడ్ హిమ్!” అన్న ఆక్రోశం కూడా ఇలాగే అతుకు కనిపించకుండా ఇముడుతుంది. నాకు తెలిసి ఇన్ఫినిటివ్ కథకుడికి చేసే మేళ్ళన్నింటిలో ఇదే పెద్దది, కొత్తగా రాసేవాళ్ళు దీన్నే తక్కువ వాడతారు.

సంభాషణలో అయితే క్రియను మింగేసి ‘టు’ దగ్గర ఆగడం నేర్చుకోవాలి. “డు యు వాంట్ టు కమ్?” అని అడిగితే “నో, ఐ డోంట్ వాంట్ టు కమ్” అని ఎవరూ అనరు. “ఐ డోంట్ వాంట్ టు” అంటారు. “యు డోంట్ హ్యావ్ టు.” “వి యూజ్డ్ టు.” తెలుగులో ఇలా ఆగే అలవాటు లేకపోవడం వల్ల మనం రాసే ఇంగ్లీష్ సంభాషణల్లో ప్రతి జవాబూ పూర్తి వాక్యంగా వచ్చి పరీక్షలో రాసిన సమాధానంలా ఉంటుంది. మీ డ్రాఫ్ట్‌లోని డైలాగులన్నీ ఒకసారి పైకి చదివి, ప్రశ్నలో ఉన్న క్రియ జవాబులో మళ్ళీ వచ్చిన ప్రతిచోటా దాన్ని కొట్టేయండి.

‘టు’నీ క్రియనీ విడదీయవచ్చా

‘టు క్వయట్లీ లీవ్’ అన్నట్టు మధ్యలో ఒక మాట పెట్టి విడదీయవచ్చు. 1864లో హెన్రీ ఆల్ఫర్డ్ అనే ఇంగ్లీష్ మతాచార్యుడు దీన్ని తప్పుపట్టాడు, తర్వాత బడుల్లో అదొక నిషేధంగా పాతుకుపోయింది. 1926లో వాడుక నిఘంటువు తెచ్చిన ఫౌలర్, అర్థం తికమకపడడం కన్నా, వాక్యం కృతకంగా మారడం కన్నా విడదీయడమే నయమన్నాడు. కథలో ఫౌలర్ మాటే పాటించండి. “హి డిసైడెడ్ క్వయట్లీ టు లీవ్” అంటే నిర్ణయం నిశ్శబ్దంగా జరిగిందా, వెళ్ళడం నిశ్శబ్దంగా జరగబోతోందా? “టు లీవ్ క్వయట్లీ” అంటే సందేహం పోతుంది. ఎక్కువసార్లు క్రియావిశేషణం చివరికి వెళ్తే సరిపోతుంది. వెళ్ళనిచోట ‘టు’కీ క్రియకీ మధ్యలోనే పెట్టండి, భయపడక్కర్లేదు.

ఇప్పుడు ఒక పేరా సరిచేద్దాం

డ్రాఫ్ట్ పూర్తయ్యాక ఫైల్‌లో ‘టు’ అని వెతికి ప్రతి ఇన్ఫినిటివ్‌నూ ఆపి ప్రశ్నించాలి. అర్ధరాత్రి చప్పుడు విని ఒకామె మెట్లెక్కే సీన్. ఇదిగో మొదటి డ్రాఫ్ట్:

“షి బిగాన్ టు క్లైమ్ ద స్టెయిర్స్ టు సీ హూ వాజ్ దేర్. షి ట్రైడ్ టు బి క్వయట్. ద లైట్ సీమ్డ్ టు బి ఆన్ ఇన్ ద స్టడీ. షి స్టార్టెడ్ టు పుష్ ద డోర్ టు లుక్ ఇన్‌సైడ్. హర్ ఫాదర్ వాజ్ దేర్. ‘ఐ వాంటెడ్ టు టెల్ యు,’ హి సెడ్. ‘డిడ్ యు వాంట్ టు టెల్ మి?’ ‘ఐ మెంట్ టు టెల్ యు.’”

మొదటి ‘బిగాన్’కు పని లేదు, మెట్లు ఎక్కేసింది. ‘ఎవరున్నారో చూడడానికి’ అన్నది చెప్పక్కర్లేదు, అర్ధరాత్రి చప్పుడు విని మెట్లెక్కే మనిషి ఇంకెందుకు ఎక్కుతుంది? ‘ట్రైడ్ టు బి క్వయట్’ అన్నది కంటికి కనిపించని మాట. లైట్ వెలుగుతోందో లేదో అన్నదాంట్లో అనుమానమేమీ లేదు, కాబట్టి ‘సీమ్డ్’ పోవాలి. ‘స్టార్టెడ్ టు పుష్’ మాత్రం ఉండొచ్చు, ఆ తోయడం మధ్యలో ఏదైనా జరిగితే. జరిపిద్దాం.

“షి క్లైమ్డ్ ద స్టెయిర్స్, కేర్‌ఫుల్ నాట్ టు టచ్ ద రెయిల్. దేర్ వాజ్ ఎ లైట్ అండర్ ద స్టడీ డోర్. షి బిగాన్ టు పుష్ ఇట్ ఓపెన్ అండ్ హర్డ్ ఎ డ్రాయర్ స్లైడ్ షట్. హర్ ఫాదర్ టర్న్డ్. ‘ఐ వాజ్ గోయింగ్ టు టెల్ యు,’ హి సెడ్. ‘వర్ యు?’ ‘ఐ మెంట్ టు.’”

కథనంలో ‘టు’ ఉన్న ఇన్ఫినిటివ్‌లు రెండే మిగిలాయి. ‘నాట్ టు టచ్ ద రెయిల్’ వల్ల మెట్ల పక్కనున్న ఆ చేతిపట్టు కదులుతుందనీ, ఆ సంగతి ఆమెకు తెలుసుననీ అర్థమైంది, నిశ్శబ్దంగా వెళ్ళిందని విడిగా చెప్పనవసరం లేకపోయింది. ‘బిగాన్ టు పుష్’ దగ్గర తలుపు సగంలో ఉండగానే డ్రాయర్ మూసుకుంది. ‘స్లైడ్ షట్’ దగ్గర ‘టు’ లేని ఇన్ఫినిటివ్ ఉంది, ఆ చప్పుడు ఆమె మొదటి నుంచి చివరిదాకా విన్నది. ‘స్లైడింగ్’ అని రాస్తే డ్రాయర్ ఇంకా కదులుతూ ఉండేది, తండ్రి పట్టుబడేవాడు. మూసుకున్నాక తిరిగాడు కాబట్టి అందులో ఏముందో ఆమెకూ తెలియదు, మనకూ తెలియదు.

తండ్రి మాటల్లో ‘వాంటెడ్ టు’ బదులు ‘వాజ్ గోయింగ్ టు’ వచ్చింది. కోరిక కన్నా ప్లాన్ అని చెబితే తప్పు తక్కువగా కనిపిస్తుందని అతని ఆశ. కూతురు ‘వర్ యు?’ అని రెండు మాటల్లో అడగడంతో ఆ ప్లాన్ కూడా నిలబడలేదు. ‘ఐ మెంట్ టు’ అని అతను ఆగినచోట ‘టెల్ యు’ చేర్చి చదివి చూడండి. ఆ రెండు మాటలూ ఉంటే అతను వివరణ ఇస్తున్నట్టు ఉంటుంది. లేకపోతే ఇవ్వడానికి అతని దగ్గర వివరణ లేదని తెలుస్తుంది. మీ కథలో ఆ క్షణంలో తండ్రి ఎలాంటివాడో దాన్నిబట్టి ఆ రెండు మాటలూ ఉంచాలో తీసేయాలో నిర్ణయించుకోండి.